ఇరవై మూడు పేర్లు

రిటైరైన తర్వాతి మూడేళ్ళలో నాగేశ్వరిని ఎవరూ ఏమీ అడగలేదు. "పాలు అయిపోయాయా?", "తాళంచెవి ఎక్కడ పెట్టావు?" లాంటి భర్త ప్రశ్నలు లెక్కలోకి రావు. ఇంగ్లండ్‌లో ఆల్డర్‌బీ అనే ఊళ్ళో ప్రైమరీ స్కూల్లో పందొమ్మిదేళ్ళపాటు పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించిన మనిషి. ఒక్క పూటలో వందమంది "మిస్, మిస్" అని పిలిచేవాళ్ళు. ఇప్పుడా పిలుపు లేదు. భర్త శేషగిరి హాస్పిటల్లో మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు పేపరు, క్రికెట్టు, పెరట్లో నాలుగు టమాటా మొక్కలు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. కొడుకు అచ్యుత్ క్రోయిడన్‌లో ఉంటాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు.

అందుకే 2012 ఫిబ్రవరిలో, అరవై దాటినవాళ్ళు ఊరికి ఏ విధంగా ఉపయోగపడొచ్చో చెప్పడానికి ఊరి పాలన చూసే కౌన్సిల్‌వాళ్ళు చర్చి హాల్లో ఏదో ఏర్పాటు చేశారని తెలిసి, పేరంటానికి వెళ్ళినట్టు తయారై వెళ్ళింది.

హాల్లో బల్లలు వరసగా వేసి ఉన్నాయి. ఒక బల్ల దగ్గర హాస్పిటల్లో రోగులకు టీ బండి తిప్పేవాళ్ళు కావాలన్నారు. ఇంకో బల్ల దగ్గర పార్కులో మొక్కలు నాటేవాళ్ళు కావాలన్నారు. మరో దగ్గర ఒంటరిగా ఉండే ముసలివాళ్ళతో వారానికో గంట కబుర్లు చెప్పేవాళ్ళు కావాలట. 'మరి నాతో ఎవరు చెబుతారో' అనుకుని నాగేశ్వరి తనలో తనే నవ్వుకుంది. చివరి బల్ల మీద 'లైబ్రరీ' అని రాసి ఉంది. కాళ్ళు అక్కడ ఆగిపోయాయి.

ఆ ఊరి లైబ్రరీ అంటే ఆమెకు జానెట్. 1979లో పిల్లవాణ్ణి ప్రామ్‌లో తోసుకుంటూ, వాన తప్పించుకోవడానికి మొదటిసారి లోపలికి అడుగుపెట్టినప్పుడు కౌంటర్ వెనక పందొమ్మిదేళ్ళ కొత్త పిల్ల నిలబడి ఉంది. "రా, మి డక్" అంది. గుంటూరులో బీఏ చదివి వచ్చినా లీసెస్టర్ వైపు ఇంగ్లీషు నాగేశ్వరి చెవికెక్కేది కాదు. తనను బాతు అంటోందనుకుని మొహం ముడుచుకుంది. అది ఇక్కడివాళ్ళ ముద్దుమాట అని తెలియడానికి వారం పట్టింది. స్కూల్లో ఉద్యోగానికి అప్లికేషన్ పక్కన కూర్చోబెట్టుకుని నింపించింది జానెట్. దిగులుతో అన్నం సయించని ఒక చలికాలంలో, ఎక్కడెక్కడి లైబ్రరీలకో ఉత్తరాలు రాసి నాలుగు తెలుగు నవలలు తెప్పించింది జానెట్. అట్టలు ఊడిపోయిన ఆ నాలుగింటినీ నాగేశ్వరి మూడేసి సార్లు చదివింది. ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళ్ళింది లేదు, కలిసి ఒక్క పూట భోంచేసింది లేదు. కానీ ఆ కౌంటర్‌కు అటొకరూ ఇటొకరూ నిలబడే ఇద్దరికీ జుట్టు నెరిసింది.

బల్ల దగ్గర కూర్చున్న కౌన్సిల్ ఉద్యోగి పేరు హోల్డెన్. మెత్తగా మాట్లాడే మనిషి.

"లైబ్రరీకి మీలాంటివాళ్ళే కావాలి. మీ భారతీయుల్లోంచి ఎంతమంది ముందుకొస్తారంటారు?" అని అడిగాడు.

"ఇరవై మంది" అంది నాగేశ్వరి తడుముకోకుండా. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

"ఇరవై మందా!" అంటూ ఆయన పెన్ను తీసి రాసుకున్నాడు. తను చెప్పిన మాటను ఒక మనిషి కాగితం మీద రాసుకోవడం చూసి ఎన్నేళ్ళయిందో. ఇంటికి నడిచి వస్తుంటే చలి కూడా తెలియలేదు.

ఆయన ఇచ్చిన నాలుగు పేజీల కాగితం ఆ సాయంత్రం తీరిగ్గా చదివింది. మూడో పేజీ దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివింది.

"ఏవండీ, 'సేవలను స్థానిక సమాజమే స్వయంగా నిర్వహించుకునే పద్ధతికి మార్చుట' అంటే ఏంటండీ?"

శేషగిరి కాగితం తీసుకుని ఒక్క నిమిషం చూశారు. "ఏముంది, జీతమిచ్చే మనిషిని తీసేసి మీచేత ఊరికే చేయించుకుంటారు. జానెట్‌ని ఇంటికి పంపిస్తారు."

"అట్లా ఎందుకు చేస్తారు? జానెట్ లేకుండా లైబ్రరీ ఎట్లా నడుస్తుంది? ఆవిడకు సాయంగా మమ్మల్ని పెడతారు."

"అట్లా అని రాసుందా ఇందులో?"

"కాదని కూడా రాసి లేదుగా."

ఆయన ఆమె మొహంలోకి చూసి, కాగితం మడిచి ఇచ్చేశారు. "ఆ హోల్డెన్‌కి ఒక్క ఫోన్ చెయ్. జానెట్ సంగతేంటని అడుగు. తేలిపోతుంది."

"రేపు అడుగుతా" అంది.

అడగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు తనను తాను సముదాయించుకోబోయినా, తెలియక చేశానని నాగేశ్వరి చెప్పుకోలేకపోయింది. చెయ్యని ఆ ఒక్క ఫోనే అడ్డం పడేది. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే ఇరవై మంది మాట వెనక్కి తీసుకోవాలి. ఆ సంగతి ఆమెకు ఆ రోజే తెలుసు.

హోల్డెన్‌కి చెయ్యని ఫోన్లన్నీ తెలిసిన మనవాళ్ళకు చేసింది. లీసెస్టర్‌లో ఉండే గిరిజ, అడగ్గానే "నువ్వు చెబితే కాదంటానా అక్కా" అంది. నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న కనకమ్మ మాత్రం బెదిరిపోయింది.

"నాకు ఇంగ్లీషు రాదు గదమ్మా. అంత పెద్ద లైబ్రరీలో నేనేం జేసేది?"

"పేరు రాయిస్తే చాలు ఆంటీ. వీలున్నప్పుడు వద్దురుగాని."

అనంతపురం రామాంజనేయులు గారు మోకాళ్ళ నొప్పులన్నారు, మెట్లెక్కలేనన్నారు. మెట్లు లేవంటే, "అట్లయితే రాసుకోమ్మా, పేరుకేముంది" అన్నారు. అలా తన పేరుతో కలిపి ఇరవై మూడు అయ్యాయి. అందరికీ పుస్తకాల మీద ప్రేమ ఉందని పైన ఒక వాక్యం కూడా రాసింది.

మార్చిలో కౌన్సిల్ సమావేశం. మాట్లాడటానికి ఆమెకు మూడు నిమిషాలిచ్చారు. ఆ సాయంత్రం లైబ్రరీ ఏడింటిదాకా తెరిచి ఉంచే రోజు కాబట్టి జానెట్ రాలేదు. నాగేశ్వరి మంచి కంచిపట్టు చీర కట్టుకుని, మీద కోటు వేసుకుని వెళ్ళింది.

"ఈ లైబ్రరీ మాకెంతో ఇచ్చింది. ఇప్పుడు మేం తిరిగిస్తాం. ఇవిగో, ఇరవై మూడు పేర్లు" అని కాగితం పైకెత్తి చూపించింది. హాలంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగాక వెనక వరసలో ఎవరో ఆడమనిషి లేచి, "మరి ఇప్పుడున్న లైబ్రేరియన్ సంగతేమిటి?" అని అడిగింది. దానికి తర్వాత లిఖితపూర్వకంగా జవాబిస్తామన్నాడు అధ్యక్షుడు. నాగేశ్వరి ఆ ప్రశ్న విన్నది. విని, కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది.

పది రోజుల తర్వాత జానెట్టే కబురు చెప్పింది. పుస్తకాలకు తేదీ ముద్ర వేస్తూ, తల ఎత్తకుండా, "జూన్ ఆఖరుతో నా ఉద్యోగం అయిపోతుంది. మీరు వస్తున్నారటగా. పోనీలెండి, పరాయివాళ్ళకంటే తెలిసినవాళ్ళు నయం" అంది.

నాగేశ్వరి కౌంటర్ మీదికి వంగింది. చెప్పేద్దామనుకుంది. ఇంతలో వెనక ఎవరో పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. జరిగి దారి ఇచ్చింది.

కొత్తగా వచ్చేవాళ్ళకు పని నేర్పించి వెళ్ళమన్నారు జానెట్‌ని. అది ఆరు వారాల శిక్షణ. ఇరవై మూడు మందిలో మొదటి రోజు ఏడుగురొచ్చారు. రెండో వారానికి ఐదుగురు మిగిలారు. జానెట్ ఎవరినీ ఒక్క మాట విసుక్కోలేదు. పుస్తకాలు సర్దే అంకెలు, కంప్యూటరు, తాళాలు, అన్నీ చెప్పింది. ఆ తర్వాత ఏ కాగితంలోనూ లేనివి చెప్పడం మొదలుపెట్టింది.

"పెద్దక్షరాల నవలల్లో చివరి పేజీలో పెన్సిల్ గుర్తులుంటాయి. చెరపకండి. ముసలివాళ్ళు తాము చదివేశామని గుర్తుకు పెట్టుకుంటారు. ఒక్కొక్కరిది ఒక్కో గుర్తు. హీటర్ పక్క కుర్చీ పొద్దున పదింటికల్లా ఖాళీగా ఉంచండి. ఆ టైముకు వచ్చే ఒకావిడ ఖర్చుకు భయపడి ఇంట్లో హీటింగ్ వేసుకోదు."

ఒకరోజు మిగతావాళ్ళు వెళ్ళిపోయాక నాగేశ్వరిని పక్కకు పిలిచింది.

"డాబ్సన్ గారు తెలుసుగా, పొడుగ్గా, టోపీ పెట్టుకుని వస్తాడు. కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయానని ఉత్తరం చేతికిస్తాడు. ఆయనకు అద్దాలు లేవు. చదవడం రాదు. డెబ్బై నాలుగేళ్ళొచ్చినా ఎవరికీ చెప్పుకోలేదు. మీరూ తెలిసినట్టు కనపడకండి. ఉత్తరం తీసుకుని చదివిపెట్టండి. అంతే. ఇది మీ ఒక్కరికే చెబుతున్నాను."

ఆ ఆరు వారాల్లో నాగేశ్వరి రోజూ ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు, ఇవాళ చెప్పేస్తాను అనుకునేది. ఆ పేర్ల కాగితం ఇచ్చింది నేనే, మూడో పేజీ చదివే ఇచ్చాను అని. సాయంత్రం చెప్పకుండానే తిరిగొచ్చేది. ఆఖరి రోజున రవ్వకేసరి చేసి తీసుకెళ్ళింది. జానెట్ రెండు చెంచాలు తిని బాగుందంది. తన కప్పు, కుర్చీకి తగిలించి ఉండే ఊలు స్వెటరు ఒక సంచీలో పెట్టుకుని, అందరికీ చెయ్యూపి వెళ్ళిపోయింది. ముప్పై మూడేళ్ళ ఉద్యోగం ఆ ఒక్క సంచీలో పట్టింది.

జూలై నుంచి లైబ్రరీ నాగేశ్వరి చేతికొచ్చింది. ఆమె పని బాగా చేసింది. ఎంత బాగా చేస్తే అంత ముల్లు గుచ్చుకునేది. ఊరి పేపర్లో ఫొటో వేసి, 'లైబ్రరీని నిలబెట్టిన అమ్మమ్మ' అని రాశారు. అచ్యుత్ అది చూసి, "ప్రౌడ్ ఆఫ్ యూ, మమ్" అని మెసేజ్ పెట్టాడు. ఆమె ఆ పేపరు మడిచి బీరువాలో దుప్పట్ల కింద పెట్టేసింది.

జానెట్‌కు ఊళ్ళోని సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పని దొరికిందని ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి నాగేశ్వరి సామాన్లకు ఆరు మైళ్ళ అవతలి ఊరికి వెళ్ళసాగింది.

"ఏం, ఇక్కడి పాలు విరిగిపోతున్నాయా?" అన్నారు శేషగిరి. ఆమె సంచీలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆయన రెట్టించలేదు.

నవంబరులో ఒక మంగళవారం. స్కూలు నుంచి ఒక క్లాసు పిల్లలందర్నీ తీసుకొచ్చారు. కంప్యూటరు మొరాయించింది. వంతు ప్రకారం రావలసిన గిరిజ జలుబని రాలేదు. నాగేశ్వరి ఒక్కతే. ఆ సందట్లో డాబ్సన్ వచ్చి వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే ఒక కవరు ముందుకు జరిపాడు.

"అద్దాలు ఇంట్లో మర్చిపోయాను, మిసెస్..."

ఆమె స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. "అయ్యో, రేపు తెచ్చుకోండి డాబ్సన్ గారూ. ఇవాళ ఊపిరి సలపట్లేదు" అంది గట్టిగా. చిన్నపిల్లలకు చెప్పే గొంతు అది. పందొమ్మిదేళ్ళ అలవాటు. ఒకరిద్దరు పిల్లలు తలతిప్పి ఆయన వైపు చూశారు.

ఆయన కవరు కోటు జేబులో పెట్టుకున్నాడు. "సరే, సరే" అన్నాడు. వెళ్ళిపోయాడు.

పిల్లలు వెళ్ళిపోయి, కంప్యూటరు దారిన పడ్డాక, ఒక పెద్దక్షరాల నవల తిరగేస్తుంటే పెన్సిల్ గుర్తు కనపడింది. అప్పుడు డాబ్సన్ గురించి జానెట్ చెప్పిన మాట గుర్తొచ్చింది. కోటు కూడా వేసుకోకుండా బస్ స్టాప్‌కి పరిగెత్తింది. బస్సు వెళ్ళిపోయింది.

ఆ వారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మూడో మంగళవారం కూడా రాకపోయేసరికి నాగేశ్వరికి తిండి సయించలేదు. ఇల్లు ఎక్కడో తెలియదు. వాలంటీర్లకు సభ్యుల చిరునామాలు చూసే అనుమతి లేదు. కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే, నియమాలు ఒప్పుకోవన్నారు. ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది.

మర్నాడే నాగేశ్వరి, నాలుగు నెలలుగా వెళ్ళని ఊళ్ళోని సూపర్‌మార్కెట్లోకి అడుగుపెట్టి, చేతికందిన బ్రెడ్ ఒకటి తీసుకుని, ఆ వరసలో నిలబడింది.

"సంచీ కావాలా?" అంది జానెట్ అలవాటుగా. తర్వాత తలెత్తింది.

"డాబ్సన్ గారు రావట్లేదు జానెట్. నేనే... అద్దాలు తెచ్చుకోమన్నాను. అందరి ముందూ."

జానెట్ చేతిలో బ్రెడ్ అలాగే ఉండిపోయింది. వెనక మనిషి దగ్గాడు. "రెండింటికి నా పని అయిపోతుంది. బయట కార్లో ఉండండి" అంది.

డాబ్సన్‌ది ఊరి చివర, కాలవ పక్కన ఒంటి అంతస్తు చిన్న ఇల్లు. తలుపు తీసి, జానెట్‌ని చూసి ఆయన మొహం విప్పారింది. వెనక నాగేశ్వరిని చూసి మళ్ళీ మామూలైంది. లోపల వంటింటి గట్టు మీద, రేకు డబ్బాలో ఉత్తరాలు పేర్చి ఉన్నాయి. ఏదీ విప్పలేదు. జానెట్ కుర్చీ లాక్కుని కూర్చుని, ఏం జరగనట్టే ఒక్కొక్కటీ విప్పి చదివిపెట్టింది. నాలుగోది హాస్పిటల్ నుంచి. తుంటి ఎముక ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆ తేదీ దాటి పది రోజులైంది. దాని తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది. మీరు రాలేదు కాబట్టి పేరు జాబితా నుంచి తీసేశాం, మళ్ళీ మీ జీపీ డాక్టరు దగ్గర నుంచి మొదలుపెట్టాలి అని.

"పోన్లే, ఇన్నాళ్ళు ఆగిన కాలే కదా" అన్నాడు డాబ్సన్.

నాగేశ్వరి నిలబడే ఉంది. "ఆ రోజు నేను వినిపించుకోలేదండీ. తప్పు నాది."

"మీరు పనిలో ఉన్నారుగా" అన్నాడాయన మర్యాదగా. తిట్టినా అంత నొప్పి పెట్టేది కాదేమో.

ఇద్దరూ కార్లో తిరిగి బయలుదేరారు. జానెట్ ఇంటి వీధి మలుపులో నాగేశ్వరి కారు పక్కకు ఆపింది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"నీకొకటి చెప్పాలి. ఆ పేర్ల కాగితం ఇచ్చింది నేను. నీ ఉద్యోగం పోతుందని కౌన్సిల్ ఇచ్చిన కాగితంలో రాసుంది. చదివాను. మా ఆయన కూడా చెప్పాడు. అయినా వెళ్ళి మాట్లాడాను."

"తెలుసు" అంది జానెట్.

నాగేశ్వరి తిరిగి చూసింది.

"ఆ సమావేశంలో ఎవరేం మాట్లాడారో రాసిన కాగితం లైబ్రరీ నోటీసు బోర్డుకు పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. మీ పేరుంది. మీ మాటలున్నాయి. చప్పట్లు కొట్టారని కూడా ఉంది."

"మరి అన్నాళ్ళూ ఒక్క మాటైనా అనలేదే?"

"మీరే చెబుతారని చూశాను. ఆరు వారాలూ చూశాను."

కారు అద్దాల మీద చిన్నగా వాన పడుతోంది. నాగేశ్వరి ఏదో అనబోయింది. నేను కాకపోతే ఇంకొకరు ఇచ్చేవాళ్ళు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. జానెట్ అది పసిగట్టినట్టే అంది:

"ఎలాగూ తీసేసేవాళ్ళని అందరూ నాతో అంటారు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఎవరో తెలియనివాళ్ళు ఆ కాగితం ఇచ్చుంటే నేను ఇంటికెళ్ళి కౌన్సిల్‌ని తిట్టుకుని పడుకునేదాన్ని. ఇచ్చింది మీరు. నాకు పడుకుంటే మీ అప్లికేషన్ గుర్తొచ్చేది. రెండు రోజులు కూర్చుని నింపాం."

"నన్ను..."

"అడక్కండి. ఇవాళ నా దగ్గర జవాబు లేదు." తలుపు తీసి దిగింది. మళ్ళీ వంగి, "శుక్రవారం ఆయన్ని జీపీ దగ్గరికి తీసుకెళ్ళాలి. మీకు కారుంది. పదింటికి రండి" అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి నాగేశ్వరి అంతా భర్తకు చెప్పింది. శేషగిరి విన్నారు.

"అప్పుడే చెప్పానుగా అననా?" అన్నారు చివరికి.

"అనండి. మీరు అంటే బాగుంటుంది."

"అనను. ఇప్పుడేం చేస్తావో చెప్పు."

మర్నాటి నుంచి ఆమె ఒక్కొక్కరికీ మళ్ళీ ఫోన్ చేసింది. "నిజంగా వస్తారా? రారా? నిజం చెప్పండి, ఏమీ అనుకోను." కనకమ్మ "హమ్మయ్య" అని ఊపిరి పీల్చుకుంది. పేరు ఇచ్చినప్పటి నుంచి ఎప్పుడు పిలుస్తారోనని ఆమెకు భయంగా ఉందట. పద్దెనిమిది పేర్లు కొట్టేసింది. ఫిబ్రవరిలో మళ్ళీ కౌన్సిల్ ముందు నిలబడింది. అవే మూడు నిమిషాలు.

"పోయినేడు నేను మీకు ఇరవై మూడు పేర్లు ఇచ్చాను. వాటిలో పద్దెనిమిది ఉత్తివి. ఆ సంగతి ఇచ్చినప్పుడే నాకు తెలుసు. మిగిలిన ఐదుగురం మనసు పెట్టి చేస్తున్నాం, కానీ మేం సాయం చేయగలం, లైబ్రేరియన్లం కాలేం. మేం చెయ్యలేకపోయినందువల్ల ఒక పెద్దాయనకు ఆపరేషన్ తప్పిపోయింది. ఆయన పేరు చెప్పను. ఆ పని తెలిసిన మనిషిని మీరు తీసేశారు. తీసెయ్యడానికి నేను తోడ్పడ్డాను."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హోల్డెన్ తన ముందున్న కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. పేపర్లో ఫొటో రాలేదు. గిరిజ నెలరోజులు మాట్లాడలేదు. "మనం ఇంత చాకిరీ చేస్తుంటే మన పరువు నువ్వే తీశావేంటక్కా" అని ఒక్కసారి అంది, అంతే. నాగేశ్వరి ఉత్తరాలు రాసింది, సంతకాలు సేకరించింది. ఈసారి ప్రతి సంతకం దగ్గరా ఆ మనిషి ఎదురుగా కూర్చుని, కాగితం మొత్తం చదివి వినిపించి మరీ పెట్టించుకుంది. ఏడాదిన్నర పట్టింది. 2014 సెప్టెంబరులో వారానికి పదహారు గంటల లైబ్రేరియన్ ఉద్యోగం ఒకటి ప్రకటించారు.

ఆ ప్రకటన తీసుకుని జానెట్ దగ్గరికి వెళ్ళింది. అప్పటికి వాళ్ళిద్దరూ శుక్రవారాలు డాబ్సన్ ఇంట్లో కలుస్తూనే ఉన్నారు. ఆయన ఆపరేషన్ 2013 ఆగస్టులో అయింది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఉత్తరాలు చదవడం అయ్యాక ముగ్గురూ టీ తాగుతారు. డాబ్సన్ మాట్లాడతాడు, వాళ్ళు వింటారు. వాళ్ళిద్దరి మధ్య మాటలు మాత్రం అంతంతే.

జానెట్ ప్రకటన చదివి తిరిగిచ్చేసింది.

"నేను పెట్టను."

"గంటలు తక్కువనా?"

"అదీ ఉంది. ఆ తలుపు తోసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళలేను. వెళ్తే మొదటి రోజు నుంచీ లెక్కపెట్టుకుంటాను, ఏ రోజు మళ్ళీ పొమ్మంటారా అని."

"నా మీద కోపం కూడానా?"

జానెట్ కప్పు కిందపెట్టింది. "కొంత ఉంది. తగ్గింది. పోలేదు."

నాగేశ్వరి తలూపింది. తగ్గిందన్నందుకు సంతోషించడానికి కూడా సిగ్గేసింది.

ఉద్యోగం లఫ్‌బరో నుంచి వచ్చిన గ్రాహమ్ అనే ఆయనకు వచ్చింది. యాభై దాటిన మనిషి. ఇంకెక్కడో లైబ్రరీ మూతపడితే ఇటొచ్చాడు. మొదటి రోజు పొద్దున్నే నాగేశ్వరి ఆయనకు అన్నీ చూపించింది. హీటర్ పక్క కుర్చీ సంగతి, పెన్సిల్ గుర్తుల సంగతి, మంగళవారాల పిల్లల గోల సంగతి. డాబ్సన్ చదువు సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన వచ్చి ఉత్తరం ఇస్తే చదివిపెట్టండి, ఇంకేమీ అడగొద్దు అని మాత్రం చెప్పింది. గ్రాహమ్ చిన్న పుస్తకంలో రాసుకుంటూ విన్నాడు.

"ఇదంతా మీకెవరు నేర్పారు?" అన్నాడు మెచ్చుకోలుగా.

"జానెట్ అని, ఇక్కడ ముప్పై మూడేళ్ళు పనిచేసింది."

"రిటైరయ్యారా?"

అవునంటే అయిపోయేది. కొత్త మనిషి, మొదటి రోజు.

"లేదు. తీసేశారు. ఆవిడ ఉద్యోగం పోవడానికి నేనూ ఒక కారణం" అంది.

గ్రాహమ్ తలెత్తి ఆమె వైపు చూశాడు. పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు. బయట ఎవరో బండి స్టాండు వేస్తున్న చప్పుడైంది. గడియారం పది కొట్టడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఆమె వెళ్ళి తలుపు తెరిచింది.